గద్దె మీద కోడలు

దబీర్‌పురా రైల్వే స్టేషన్ వెనక సందులో విశ్వేశ్వర్ ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా వేలు పెట్టి చూపించేవాళ్ళు. తెలుగువాళ్ళకది లేసుల సేటు ఇల్లు, ఉర్దూ మాట్లాడేవాళ్ళకి గోటేవాలే సేట్ ఇల్లు. గోటా అంటే పెళ్ళిబట్టల అంచులకు కుట్టే జరీ పట్టీ. చార్మినార్ దగ్గర ఆ కుటుంబానికి తాతల నాటి నుంచీ గోటాలూ లేసులూ అమ్మే టోకు దుకాణం ఉంది.

హరిప్రియ ఆ ఇంటికి కోడలై వచ్చినప్పుడు ఆమెకు పందొమ్మిదేళ్ళు. ఇరవై నాలుగో ఏట భర్త శ్రవణ్‌కుమార్ పచ్చకామెర్లతో పోయాడు. ఒళ్ళో రెండేళ్ళ కూతురు స్రవ్య మిగిలింది. సిద్దిపేట నుంచి అన్నలు వచ్చి చెల్లెల్ని తీసుకుపోతామన్నారు. విశ్వేశ్వర్ ఒప్పుకోలేదు. "కొడుకు పోయిండని కోడలు పరాయిదైతదా? ఈ ఇంట్లనే ఉంటది" అన్నాడు. మాట మీద నిలబడ్డాడు కూడా. మనవరాల్ని భుజాన వేసుకుని తిప్పేవాడు. కోడలికి తిండికీ బట్టకీ లోటు రానివ్వలేదు.

అయితే ఆ ఇంటికి కొన్ని కట్టుబాట్లున్నాయి. భర్త లేని ఆడది ముదురు రంగులు కట్టదు, పెళ్ళిళ్ళలో ముందు వరసలో కూర్చోదు, తోడు లేకుండా వీధి వాకిలి దాటదు. విశ్వేశ్వర్ వీటిని శిక్షలనుకోలేదు. ఇంటికి గోడలెలాగో ఇవీ అలాగేననుకునేవాడు. హరిప్రియ కూడా మొదట్లో అలాగే అనుకుంది. అనుకోవడానికి వేరే ఏమీ కనపడలేదు.

మేడ మీది వాటాలో ఉమాపతి కుటుంబం అద్దెకుండేది. తెనాలి వైపు మనిషి. కార్మిక శాఖలో సూపరింటెండెంటు. ఆయన భార్య బాలత్రిపురసుందరి మలక్‌పేటలో ఒక బళ్ళో సాంఘిక శాస్త్రం చెప్పేది. అంత పేరు పిలవలేక సందులో అందరూ ఆమెను బాల టీచర్ అనేవాళ్ళు.

ఆదివారం పొద్దున ఇంటి నడుమ వాకిట్లో రెండు పేము కుర్చీలు పడేవి. ఒకదాంట్లో విశ్వేశ్వర్, ఒకదాంట్లో ఉమాపతి. నడుమ చాయ్, పేపరు, ఇక లొల్లి.

"ఉమాపతి సార్, నువ్వే చెప్పు. దుకాణం నాది. సరుకు నాది. కొనేటోడు ఇష్టంతోని కొంటుండు. నడుమ ఈ ఇన్స్‌పెక్టరెవ్వడు? ఈ లైసెన్సేంది?" అనేవాడు విశ్వేశ్వర్.

"ఇన్స్‌పెక్టరు లేకపోతే పెద్ద చేప చిన్న చేపను తినేస్తుందండీ. మీరు మంచివారు కనక మీ గుమస్తాలకి పండక్కి బట్టలు పెడతారు. అందరూ మీలా ఉంటారా?" అనేవాడు ఉమాపతి.

"మనిషిని వాని మానాన వదిలెయ్యాలె."

"సరే, వదిలేద్దాం. మరి మీ ఇంట్లో ఆడవాళ్ళని కూడా వాళ్ళ మానాన వదిలేయండి. చదువుకుంటే చదువుకోనివ్వండి, ఉద్యోగం చేస్తే చేయనివ్వండి."

"అది ఇంటి సంగతి. ఇల్లు బజారు గాదు."

ఈ మాట దగ్గరికి వచ్చేసరికి పేపరు మడత పడేది. మళ్ళీ ఆదివారం దాకా విరామం.

ఇదంతా వంటింటి కిటికీలోంచి హరిప్రియ వినేది. ఒకసారి బాల టీచర్ కరివేపాకు కోసం కిందికొచ్చి ఆమె పక్కన నిలబడింది. "విన్నావా? మీ మామగారికి బజార్లో స్వేచ్ఛ కావాలి, ఇంట్లో కట్టుబాటు కావాలి. మా ఆయనకి ఇంట్లో స్వేచ్ఛ కావాలి, బజార్లో కట్టుబాటు కావాలి. నేను పిల్లలకి పాఠం చెప్పాలంటే పుస్తకం అక్కర్లేదు. ఈ ఇద్దర్నీ తీసుకెళ్ళి బల్ల మీద కూర్చోబెడితే చాలు" అంది.

హరిప్రియ నవ్వింది. భర్త పోయాక ఆ ఇంట్లో ఆమె పైకి వినపడేలా నవ్వడం అదే మొదటిసారి.

కుట్టుపని మొదలుపెట్టించింది కూడా బాల టీచరే. ఒకరోజు తన చీర ఒకటి తెచ్చి ఫాల్ కుట్టిపెట్టమంది. కుట్టు అంత సన్నగా, అంత సమంగా ఉండటం చూసి బళ్ళో తోటి టీచర్ల చీరలు తెచ్చింది. మధ్యాహ్నాలు అత్తగారు నాగమణమ్మ కునుకు తీసే వేళ వెనక వరండాలో మిషన్ పెట్టుకుని హరిప్రియ కుట్టేది. చేతి పనిలో ఉన్నంతసేపు మనసు తేలికగా ఉండేది. పంతొమ్మిది వందల తొంభై నాలుగులో పెళ్ళిళ్ళ రోజులొచ్చేసరికి చీరలు మనుషుల చేతుల్లో నేరుగా ఇంటికే రాసాగాయి. వచ్చినవాళ్ళు వీధిలో నిలబడి పిలిచేవాళ్ళు. ఈమె వాకిలి దాటదు. ఏ రంగు లేసు కావాలో, అంచు ఎంత వెడల్పో నాగమణమ్మ అటూ ఇటూ తిరిగి కబురు మోసేది. ఒకసారి మావిడి పచ్చ అడిగితే చిలక పచ్చ పడింది. ఆ చీర ఊడదీసి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.

వీధి వైపు ఒక ముందు గది ఉంది. అమ్ముడుపోని పాత సరుకు గోనెసంచుల్లో అక్కడ పడుంది. ఆ గది తనకిస్తే కూర్చుని పనిచేసుకుంటానని, వచ్చినవాళ్ళతో తానే మాట్లాడతానని హరిప్రియ అత్త చేత అడిగించింది.

విశ్వేశ్వర్ తల అడ్డంగా తిప్పాడు. "లోపల కూసోని కుట్టుకుంటే వద్దన్ననా? వీధి మొకాన కూసుంటే మంచిగుండదు. నలుగురికి జవాబు నేను చెప్పాలె."

సంగతి బాల టీచర్ ద్వారా మేడెక్కింది. ఆ ఆదివారం ఉమాపతి చాయ్ గ్లాసు ముట్టుకోకుండానే మొదలుపెట్టాడు. హరిప్రియకు హక్కుందన్నాడు. కాలం మారిందన్నాడు. రాజ్యాంగం పేరెత్తాడు. ఆయన ఒక్కో మాట అంటుంటే విశ్వేశ్వర్ మొహం ఒక్కో తలుపు మూసుకుంటున్నట్టుగా బిగుసుకుపోయింది.

"సార్, మీది మీ ఇంట్ల నడిపించుకోండ్రి. మా ఇంట్లకు రాజ్యాంగం తేవద్దు" అన్నాడు చివరికి.

ఇక అయిపోయిందనుకుంది హరిప్రియ. సార్ మంచి కోసమే మాట్లాడాడు. కానీ ఆ మాటలు మామకు పరాయి భాష. ఆయనకు తెలిసిన భాష ఒకటుంది. ప్రతి ఆదివారం తాను విన్నదే. పొయ్యి మీద పాలు దించి, చేతులు తుడుచుకుని, ఆమె వాకిట్లోకి వచ్చింది. స్తంభం పక్కన నిలబడింది.

"మామయ్యా, ఒక మాట."

ఇద్దరూ తలెత్తారు. మగవాళ్ళ మాటల్లోకి ఆమె ఎప్పుడూ రాలేదు.

"మీరే అంటరు గదా, దుకాణం నాది, సరుకు నాది, కొనేటోడు ఇష్టంతోని కొంటుండని. నా చేతులు నావి. కుట్టు నాది. కుట్టించుకునేటోళ్ళు ఇష్టంతోని వస్తున్నరు." కొంగు సర్దుకుని మళ్ళీ అంది. "మరి నడుమ..."

ఆ మాట పూర్తి చేయలేదు. పెద్దాయన ముందు పూర్తి చేసే మాట కాదది. చేయాల్సిన అవసరం కూడా లేకపోయింది. విశ్వేశ్వర్ గ్లాసు కింద పెట్టి లేచి, చెప్పులేసుకుని, ఆదివారమైనా సరే దుకాణానికి వెళ్ళిపోయాడు.

మూడు రోజులు ఆయన ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. హరిప్రియ అన్నం వడ్డిస్తే తిన్నాడు, తలెత్తలేదు. పుట్టింటికి పంపించేస్తాడేమోనని ఆమె లోపల్లోపల సిద్ధపడింది కూడా. నాలుగో రోజు మధ్యాహ్నం ఇంటి ముందు ఆటో ఆగింది. విశ్వేశ్వర్ దిగాడు. ఆయన వెనక మెత్తని తెల్ల పరుపు, పొడుగాటి దిండు దిగాయి. దుకాణాల్లో సేట్లు కూర్చునే గద్దె. ఆయనే గోనెసంచులు పక్కకు లాగి, గది ఊడ్పించి, గోడవారగా గద్దె వేయించాడు.

"చాప మీద కూసుంటే గిరాకీ నిన్ను పనిమనిషి అనుకుంటది. గద్దె మీద కూసో. ధర ఒక్కసారే చెప్పాలె. చెప్పినంక దిగొద్దు. ఉద్దెర అడిగితే నవ్వుకుంట లేదని చెప్పాలె." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఆ బూడిద రంగు చీర కట్టుకోని కూసోకు. రంగుల దుకాణం నడిపేటిది రంగు తెలిసినట్టు కనవడాలె."

నాగమణమ్మ లోపలికి వెళ్ళి తన పెట్టెలోంచి నెమలి కంఠం రంగు చీర తీసుకొచ్చింది. హరిప్రియ ఆ చీర చేతుల్లోకి తీసుకుని వీధి వైపు చూసింది. మామ అప్పటికే ఆటో ఎక్కేశాడు.

ఐదేళ్ళు గడిచాయి. ముందు గది చాలక వరండాలోకి, వరండా చాలక సందులోని ఇళ్ళలోకి పని పాకింది. తొమ్మిదిమంది ఆడవాళ్ళు హరిప్రియ దగ్గర కుట్టేవాళ్ళు. అందరిలోకి రజియా చేయి గొప్పది. ఖడా దుపట్టా అని ముస్లిం పెళ్ళికూతుళ్ళు వేసుకునే పొడుగాటి ఓణీ ఒకటుంటుంది. దాని మీద గోటా కుట్టడంలో పాతబస్తీలో ఆమెకు సాటి లేరనేవాళ్ళు. రజియా తన ఇంట్లో పరదా వెనకే కుట్టేది. ఆటో నడిపే బీరయ్య భార్య మల్లమ్మ పొద్దున పిల్లల్ని బడికి పంపి వచ్చి మిషన్ ముందు కూర్చునేది. ఎవరికి వీలైన వేళ వాళ్ళు. ఎవరికి చేతనైనంత వాళ్ళు.

ఒక ఆదివారం ఉమాపతి మెట్లు దిగి కుర్చీలో కూర్చోకుండా ముందు గది గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా హరిప్రియా, ఒక సంగతి చెప్పాలి. ఇంతమంది పనిచేస్తున్నారు కదా, చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. పని గంటలు, వారానికో సెలవు, అన్నీ రాసి పెట్టాలి."

"గంటలు రాస్తే ఎట్ల సార్? మల్లమ్మ పదింటికి రాదు. రజియా ఇంట్లకెళ్ళి బయటికే రాదు. గంటలు పెడితే సగం మంది మానేస్తరు."

"నువ్వు మంచిదానివి. కానీ వాళ్ళు నీ మంచితనం మీద ఆధారపడి బతకకూడదమ్మా. నేను ఈ శాఖలోనే పనిచేస్తున్నాను. రోజూ ఈ గుమ్మం ముందు నుంచి వెళ్తూ ఏమీ చూడనట్టు నటించలేను."

తన కోసం రాజ్యాంగం పేరెత్తిన మనిషి ఇప్పుడు తన గుమ్మంలో రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఏదో అనేలోపే వెనక నుంచి విశ్వేశ్వర్ వచ్చాడు.

"చూసినవా బిడ్డా? ఆడది బయటికి రావాలె, రావాలె అన్నడు. వచ్చినంక తాళ్ళు తెచ్చిండు. సార్, మీతోని ఇన్నేండ్ల దోస్తానా ఉన్నది గనక ఊకుంటున్న. ఇంకొక్కసారి నా కోడలి గుమ్మంల చట్టం అంటే వేరే ఇల్లు చూసుకోండ్రి."

ఉమాపతి మేడెక్కాడు. తర్వాత నాలుగు ఆదివారాలు పేము కుర్చీలు గోడకు ఆనించే ఉన్నాయి. విశ్వేశ్వర్ ఒక్కడే మంచం మీద కూర్చుని పేపరు చదివి, వాదించేవాడు లేక, సగంలోనే పక్కన పెట్టేవాడు.

ఆ నెలలోనే మల్లమ్మ వేలిలోకి మిషన్ సూది దిగింది. పసుపు అద్ది గుడ్డ కట్టుకుని మర్నాడు మళ్ళీ కూర్చుంది. వారం తిరిగేసరికి చేయి మోచేతి దాకా వాచిపోయింది. దవాఖానాలో చీము తీశారు. వేలు దక్కింది గానీ రెండు నెలల దాకా పని పట్టొద్దన్నారు. హరిప్రియ మందులు కొనిచ్చింది, ఇంటికి బియ్యం పంపింది. బీరయ్య ఒకరోజు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వు చేసినదానికి మా పిల్లలు నీ పేరు చెప్పుకుంటరు. గానీ ఒకటడుగుత, తప్పుగ అనుకోకు. రేపు నీకే బాగలేకపోతే, ఈ తొమ్మిదిమందిని ఎవలు చూస్తరు?"

నిందించినట్టుగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. అందుకే ఆ ప్రశ్న హరిప్రియను వదల్లేదు. మూడు రోజులు ఫాల్ కుడుతూ అదే ఆలోచించింది. గంటలు కడితే వీళ్ళకు బతుకు లేదన్న తన మాట నిజం. తన మంచితనం మీద వాళ్ళు బతకకూడదన్న సార్ మాటా నిజం. నాలుగో రోజు ఆమె మేడెక్కింది.

"సార్, గంటలు కట్టకుండ, ఎవరి వీలు వాళ్ళకుండి, చేతికి సూది దిగితే ఆదుకునే తోవ ఏదన్న ఉంటదా మీ చట్టాలల్ల?"

ఉమాపతి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ ఇలా అడగలేదమ్మా" అన్నాడు. "చూస్తాను."

వారం రోజులు ఆఫీసు నుంచి పుస్తకాలు మోసుకొచ్చాడు. మరో ఆదివారం తానే కిందికి దిగి, గోడకు ఆనించిన కుర్చీలు రెండూ తెచ్చి వేశాడు. విశ్వేశ్వర్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. పరస్పర సహాయక సహకార సంఘమని కొత్త చట్టం వచ్చిందని, ఆడవాళ్ళంతా కలిసి సంఘం పెట్టుకోవచ్చని ఉమాపతి చెప్పాడు. ఎవరి పని వాళ్ళదే, వచ్చినదాంట్లో కొంత పక్కకు తీసి జబ్బుకీ దెబ్బకీ వాడుకోవచ్చు.

విశ్వేశ్వర్ అనుమానంగా చూశాడు. "సర్కారు వాటా ఉంటదా?"

"ఉండదు."

"ఆఫీసరొచ్చి కుర్చీల కూసుంటడా?"

"కూర్చోడు. నియమాలు వాళ్ళే రాసుకుంటారు. వాళ్ళ పెద్దను వాళ్ళే ఎన్నుకుంటారు."

విశ్వేశ్వర్ కాసేపు మీసం దువ్వుకున్నాడు. "అయితే గిది మీరు చెప్తున్న చట్టం గాదు. నేను చెప్తున్నది. మీ ఆఫీసుల పొరపాటున అచ్చయింది."

ఉమాపతి నవ్వాడు. నాగమణమ్మ ఎవరూ అడగకుండానే చాయ్ తెచ్చింది.

సంఘం పెట్టడానికి ఆర్నెల్లు పట్టింది. సెలవు పెట్టుకుని మరీ ఉమాపతి కాగితాల వెంట తిరిగాడు. రజియా ఇంట్లోనే అందరూ చేరి ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకున్న రోజు ఆయనకు ఉత్సాహం ఎక్కువై, "ఇకనైనా ఆ పరదా తీసి నలుగురి ముందుకు రావాలమ్మా" అన్నాడు.

తెర అవతలి నుంచి రజియా నెమ్మదిగా జవాబిచ్చింది. "సార్, పరదా నా ఇష్టం. నాకు ఎవరూ కట్టలేదు. హునర్, అంటే పనితనం, నా చేతుల ఉంది, మొకంల లేదు. చేతులు చూసి ఎన్నుకున్నరు గదా, చాలు."

విశ్వేశ్వర్‌కి ఒకటే నవ్వు. "ఇప్పుడు చెప్పండ్రి సార్. ఆమె ఇష్టం ఆమెదేనా, మీరు చెప్పిందేనా?"

ఉమాపతి ఎర్రబడి, తెర వైపు తిరిగి చేతులు జోడించాడు. "తప్పు నాదేనమ్మా. నాకింకా పూర్తిగా అబ్బలేదు."

ఆ తర్వాత చాలా ఏళ్ళు బాగా గడిచాయి. స్రవ్య కాలేజీకొచ్చింది. ఉమాపతి రిటైరై గుడిమల్కాపూర్ వైపు చిన్న ఫ్లాటు కొనుక్కుని వెళ్ళాడు. ఆదివారాల వాదం ఫోనెక్కింది. సంఘంలో నలభైమంది అయ్యారు. హరిప్రియ దానికి కార్యదర్శి. బీరయ్య కూతురు క్రాంతి తల్లి వెంట వచ్చి పని నేర్చుకుని, ఇరవై మూడేళ్ళకే అందరికంటే కొత్త నమూనాలు గీసేది. గిరాకీ ఆ పిల్ల పేరు చెప్పి వచ్చేది. హరిప్రియ ఆమెను సొంత బిడ్డలాగే చూసింది. తన తర్వాత గద్దె మీద ఎవరన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఆ పిల్లే కళ్ళ ముందు మెదిలేది.

రెండు వేల ఆరులో ఒక సాయంత్రం క్రాంతి వచ్చి ఎదురుగా కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"పెద్దమ్మా, నేను సొంతంగ దుకాణం పెట్టుకుంట. ఇదే సందుల, మూల మీద. అనితక్క, జరీనక్క నాతోని వస్తమన్నరు."

హరిప్రియ చేతిలో లేసు అలాగే ఉండిపోయింది. "ఇక్కడ ఏం తక్కువైంది బిడ్డా?"

"ఏం తక్కువ కాలె. నాకు నచ్చినట్టు చెయ్యాలని ఉన్నది. ఇక్కడ ఏది చెయ్యాలన్నా నలభైమందిని అడగాలె."

ఆ మాట కత్తిలా దిగింది. మర్నాడు సంఘంలో లొల్లి అయింది. నేర్పించి పెద్దచేస్తే ఎదురు దుకాణం పెడుతుందా అని కొందరు. మల్లమ్మ ఒక మూల తలొంచుకుని కూర్చుంది. ఉమాపతికి ఫోన్ చేస్తే ఆయన నియమాల పుస్తకం తెరిచాడు. సభ్యులు అదే వ్యాపారం బయట చేయకూడదని పదకొండో నియమం ఉందన్నాడు. ఆ నియమం రాసింది ఆయనే. "అందరి మేలు కోసం రాశామమ్మా. ఒక్కరి కోసం సడలిస్తే సంఘం నిలవదు."

విశ్వేశ్వర్ మాట ఇంకా సూటిగా ఉంది. "మన దుకాణంకెళ్ళి ఆ పిల్లకు ఒక్క గజం గోటా పోదు. బజార్ల వేరేవాళ్ళకు కూడ చెప్తా."

హరిప్రియకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఇద్దరు పెద్దలూ మొదటిసారి ఒకే పక్కన, తన పక్కన నిలబడ్డారు. ఆ హాయే కాసేపటికి ఎక్కడో గుచ్చింది. ఆ పూట అన్నం తినకుండా ముందు గదిలో కూర్చుంటే నాగమణమ్మ కంచం పట్టుకుని అక్కడికే వచ్చింది. మాట తక్కువ మనిషి. పక్కన కూర్చుని, ఉన్నట్టుండి మొదలుపెట్టింది.

"నువ్వు ఈడ కూసున్న ఏడు మీ పెద్దమామ రామ్‌చందర్ రాకపోకలు బంద్ చేసిండు, యాదికున్నదా?"

"ఆస్తి పంచాయితీ అన్నరు గదా అత్తమ్మా."

"ఆస్తి గాదు. కోడలిని బజార్ల కూసోపెడుతున్నవ్, ఇగ నీ గడప తొక్కనన్నడు. ఆ మూడు రోజులు మీ మామ అన్న దగ్గరికి రోజూ పోయిండు, కాళ్ళు పట్టుకున్నంత పని చేసిండు. ఆయన వినలె. అన్నన్న కావాలె, కోడలి మాటన్న కావాలె. ఈయనకు అన్నంటే పానం. నాల్గో దినం పొయ్యి పరుపు కొనుక్కొచ్చిండు. నీకు చెప్తే నువ్వు ఆ గద్దె ఎక్కవని నాతోని ఒట్టు వేయించుకున్నడు. ఆయన అన్న పోయినంక ఆ ఒట్టుకు పనేమున్నది, అందుకే చెప్తున్న."

రామ్‌చందర్ పోయి అప్పటికి ఏడాది. అన్న శవం ముందు విశ్వేశ్వర్ ఎందుకంతగా ఏడ్చాడో హరిప్రియకు అప్పుడర్థమైంది. ఎన్నడూ నలుగురి మాట దాటని మనిషి, ఇల్లు బజారు కాదని నమ్మిన మనిషి, తన నమ్మకాన్ని తానే తుంచుకుని, దాని బరువు కోడలికి తెలియనివ్వకుండా పన్నెండేళ్ళు మోశాడు. ఉమాపతీ అంతే. తెర ముందు చేతులు జోడించడం ఆయనకు తేలికైన పనా? స్వేచ్ఛ గురించి మాట్లాడటం ఇద్దరికీ వచ్చు. ఒకరికి ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇద్దరికీ చేయి రాలేదు. అయినా ఇచ్చారు. ఇప్పుడు తన వంతు వచ్చింది, తనకూ అలాగే చేయి రావడం లేదు.

కంచంలో అన్నం కలుపుకుని తింది. కళ్ళు తడిసినా ఆకలి బాగా వేసింది.

మర్నాడు సంఘం కూర్చుంది. హరిప్రియ చెప్పింది ఎక్కువసేపేమీ కాదు. "పదకొండో నియమం తీసేద్దం. ఇక్కడ ఉండాలనిపించినోళ్ళే ఉండాలె, పోలేక ఉండొద్దు. క్రాంతి పోయినా దెబ్బకీ జబ్బుకీ సంఘంల ఆమె వాటా ఉంటది, ఆమెకు ఇష్టమైతే." తెర వెనక నుంచి రజియా ముందుగా "మంజూర్" అంది. ఒక్కొక్కరుగా చేతులు లేచాయి. అందరివీ కాదు. సరిపడా లేచాయి. మల్లమ్మ లేచి వచ్చి హరిప్రియ చేయి పట్టుకుంది.

క్రాంతి దుకాణం తెరిచే రోజు తెల్లవారగానే పూల కోసం గుడిమల్కాపూర్ మార్కెట్‌కి బయల్దేరింది హరిప్రియ. తాను కూడా వస్తానని విశ్వేశ్వర్ ఆటో ఎక్కాడు. ఆ పిల్లకు గోటా ఇవ్వనన్న మాట ఆయనే మింగేశాడు, ఎవరూ గుర్తుచేయలేదు. డెబ్బై దాటిన మనిషి. బంతిపూల గుట్టల మధ్య, తడి గోనెపట్టాల మీద జాగ్రత్తగా అడుగులు వేస్తుంటే హరిప్రియ ఆయన మోచేయి పట్టుకుంది.

"మామయ్యా, మీకొక మాట చెప్పాలె. పెద్దమామ సంగతి అత్తమ్మ చెప్పింది."

ఆయన ఆగాడు. ఎదురుగా గుట్టలోంచి ఒక బంతిపువ్వు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "దానికి నోరు ఆగలె."

"మీరు మస్తు చేసిండ్రు నాకు. ఇన్నేండ్లు తెల్వక చెప్పలె."

"ఏం చేసిన? నువ్వడిగింది సక్కగుండె. సక్కగున్న మాటకు ఒప్పుకుంటే అది చేసినట్టా?" పువ్వును తిరిగి గుట్ట మీద పెట్టాడు. "మా అన్నకే అర్థం కాలె. ఇంకొన్నేండ్లుంటే అర్థమయ్యేదేమో."

కళ్ళు తుడుచుకుంటాడేమోనని ఆమె పక్కకు తిరిగింది. ఆయన తుడుచుకున్నాడు కూడా. తర్వాత పూలమ్మే ఆమెతో బేరానికి దిగాడు. ఆమె ధర ఒక్కటే చెప్పి కదలకుండా కూర్చుంది. విశ్వేశ్వర్‌కి అది బాగా నచ్చింది. అడిగినంతా ఇచ్చి రెండు బుట్టల పూలు తీసుకున్నాడు.

ఉమాపతి ఫ్లాటు అక్కడికి రెండు వీధుల అవతలే. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బాల టీచర్‌తో సహా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పదకొండో నియమం తీసేసినందుకు కోపమేమోనని హరిప్రియ బెరుకుగా చూసింది. "మంచి పని చేశావమ్మా. కొట్టేసిన నియమం నేను రాసిందే అయినా" అన్నాడాయన. ఆమె వంగి ఆయన పాదాలకు, పక్కనే బాల టీచర్ పాదాలకు మొక్కింది. ఎందుకమ్మా ఇప్పుడు అని బాల టీచర్ లేపబోయింది. ఎందుకో చెప్పాలంటే వంటింటి కిటికీ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. హరిప్రియ నవ్వి ఆమెను ఆటో వైపు నడిపించింది.

ఆటోలో నలుగురూ ఇరుక్కుని కూర్చున్నారు. ఒళ్ళో పూలబుట్టలు. పురానాపూల్ దాటేసరికి ఎండ వచ్చింది. మూల మీది కొత్త దుకాణం ముందు క్రాంతి తలుపుకు మావిడాకులు కడుతూ, ఆటో చప్పుడు విని వెనక్కి తిరిగింది.